ఎంగిలి చెయ్యి, ఫాస్ఫరస్-32

హైదరాబాద్‌లో నేను పనిచేసే ల్యాబ్‌కి ఏటా కొత్తగా పీహెచ్‌డీ పిల్లలు వస్తారు. రేడియోధార్మిక గది తలుపు తీసి లోపలికి తీసుకెళ్లగానే వాళ్ల కళ్లు సీసం కోసం వెతుకుతాయి. సీసం ఇటుకలు, సీసం ఏప్రాన్, ఎక్స్‌రే గదిలో కనిపించేలాంటివి ఏవో ఉంటాయనుకుంటారు. అక్కడ ఉండేది చిటికెన వేలంత మందంగా, అవతలివి స్పష్టంగా కనబడే ఒక ప్లాస్టిక్ పలక. "మేడం, దీని వెనక కూర్చుంటే చాలా?" అని అడుగుతారు. ఆ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంటుంది.

చాలు. కిరణాల వరకు ఆ పలక చాలు. కానీ మా గదిలో భయపడాల్సింది కిరణాలకు కాదు, చుక్కకు. ఈ తేడా ఒక్కటి మనసుకి పడితే మిగతా నియమాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. పడకపోతే, నియమాలన్నీ కంఠతా వచ్చినా పొరపాటు జరిగే తీరుతుంది.

ముందు అసలు ఈ రేడియోధార్మిక పదార్థం, ఫాస్ఫరస్-32, మా దగ్గర ఎందుకుందో చెప్పాలి. డీఎన్ఏకి వెన్నెముక లాంటిది చక్కెర-ఫాస్ఫేట్ గొలుసు. కణానికి శక్తినిచ్చే ఏటీపీలో ఉన్నవీ మూడు ఫాస్ఫేట్లే. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఉన్న ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవకణంలో ఎక్కడ తవ్వినా ఫాస్ఫరస్ తగులుతుందని ఆ దారిన నడిచినవాళ్లకు తెలిసింది. మామూలు ఫాస్ఫరస్ బరువు 31. దానికి ఒక న్యూట్రాన్ ఎక్కువైతే 32. రసాయన గుణంలో ఈ రెండింటికీ తేడా లేదు కాబట్టి కణం ఆ మార్పును పట్టించుకోదు. ఎంజైమ్ దాన్ని తీసుకెళ్లి డీఎన్ఏలో మామూలుగానే కూర్చుతుంది. మనం మాత్రం అది ఎక్కడుందో కనిపెట్టగలం, ఎందుకంటే అది తన ఉనికిని తానే చాటుకుంటూ ఉంటుంది. 1952లో ఆల్ఫ్రెడ్ హెర్షీ, మార్తా చేజ్ వైరస్‌లోని డీఎన్ఏకి ఫాస్ఫరస్-32, ప్రొటీన్‌కి సల్ఫర్-35 గుర్తులు పెట్టి, బ్యాక్టీరియాలోకి వెళ్లేది ప్రధానంగా డీఎన్ఏ అని చూపించగలిగింది ఈ గుణం వల్లే.

మన ఊరికి దీనితో అనుబంధం చిన్నది కాదు. 1980ల చివర్లో సీసీఎంబీలో (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) లాల్జీ సింగ్ బృందం మన దేశపు డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించినప్పుడు, కట్లపాము డీఎన్ఏ నుంచి తీసిన ముక్కకు ఫాస్ఫరస్-32 తగిలించి, ఎక్స్‌రే ఫిల్ము మీద ఆ నల్లటి గీతలు చూశారు. హబ్సిగూడలోని అదే ఆవరణలో అణుశక్తి శాఖకు చెందిన బ్రిట్ సంస్థ 'జొనాకి' పేరుతో ఒక కేంద్రం పెట్టి, ఫాస్ఫరస్-32 ఉన్న న్యూక్లియోటైడ్లు, అంటే డీఎన్ఏ కట్టే ఇటుకలు, తయారుచేసి ల్యాబ్‌లకు అందించింది. జొనాకి అంటే బెంగాలీలో మిణుగురు పురుగు. ఇంతకంటే తగిన పేరు నేనైతే పెట్టలేను.

ఇప్పుడు ఆ ప్లాస్టిక్ పలక సంగతి. ఫాస్ఫరస్-32 కేంద్రకంలోని ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారినప్పుడు ఒక ఎలక్ట్రాన్ బయటికి దూసుకొస్తుంది. బీటా కణం అంటే అదే. మిగిలిన పరమాణువు గంధకమైపోతుంది. ఆ ఎలక్ట్రాన్ శక్తి గరిష్ఠంగా 1.71 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, సగటున 0.7 దాకా. తక్కినది యాంటీన్యూట్రినో అనే మరో కణం పట్టుకుపోతుంది. గాలిలో అయితే ఈ ఎలక్ట్రాన్ ఆరు మీటర్ల దాకా పోగలదు, అంటే గది ఈ మూల నుంచి ఆ మూలకు. నీటిలో, మన కండలో అయితే 8 మిల్లీమీటర్లకే ఆగిపోతుంది. మా పలక చేసిన ప్లాస్టిక్, అంటే ఆక్రిలిక్‌లో, ఇంకా తక్కువ. అందుకే ఒక సెంటీమీటరు మందం ఆక్రిలిక్ పలక వెనక ఒక్క బీటా కణం కూడా మిగలదు.

మరి సీసం పెడితే ఇంకా గట్టి రక్షణ కదా అని పిల్లలు అడుగుతారు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వేగంగా వస్తున్న ఎలక్ట్రాన్ బరువైన కేంద్రకం పక్కనుంచి పోతూ సడన్ బ్రేకు వేసినట్టు దారి మళ్లితే, కోల్పోయిన శక్తి ఎక్స్‌రేగా బయటికొస్తుంది. కేంద్రకం ఎంత బరువైతే ఈ ఎక్స్‌రేలు అంత ఎక్కువ. సీసం పరమాణు సంఖ్య 82. ఆక్రిలిక్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. వాటి సంఖ్యలు 6, 1, 8. కాబట్టి అదే బీటా కణాలు సీసంలో ఆగితే, ఆక్రిలిక్‌లో ఆగినప్పటి కంటే పది రెట్లకు పైగా ఎక్కువ శక్తి ఎక్స్‌రేలుగా మారుతుంది. వయల్‌కి, అంటే ఈ పదార్థం ఉన్న చిన్న సీసాకి, పల్చటి సీసం రేకు చుట్టినవాడు రక్షణ అనుకుని కొత్త కిరణాలు పుట్టించుకుంటున్నాడన్నమాట. మోతాదు చాలా పెద్దదైతే సీసం కూడా వాడతారు, కానీ వరస తప్పకూడదు. వయల్ వైపు ఆక్రిలిక్, దాని బయట సీసం. తిరగేస్తే పని చెడుతుంది.

ఇంతవరకు భౌతికశాస్త్రం మన పక్షాన ఉంది. పలక వెనక గుండె, కాలేయం, ఎముక మజ్జ అన్నీ క్షేమం. పలక లేకపోయినా బయటి నుంచి వచ్చే బీటా కణం లోపలి అవయవాల దాకా చేరలేదు. చర్మం, వేళ్లు, కంటి కటకం మాత్రం దాని దారిలోనే ఉన్నాయి. అందుకే కళ్లజోడు తప్పనిసరి.

ఇక చుక్క. మా దగ్గరికి వచ్చే ద్రావణం గాఢత మామూలుగా ఒక మైక్రోలీటర్‌కి 10 మైక్రోక్యూరీలు. ఒక మైక్రోలీటర్ అంటే గుండుసూది తలంత ఉంటుంది. అందులో పదో వంతు చాలు ఒక మైక్రోక్యూరీకి, అంటే సెకనుకు 37,000 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. కంటికి కనిపించని ఆ తుంపర ఒక చదరపు సెంటీమీటరు చర్మం మీద పడి అక్కడే ఉండిపోతే, ఆ చర్మానికి గంటకు సుమారు 70 మిల్లీసీవర్టుల రేడియేషన్ మోతాదు తగులుతుంది. రేడియేషన్‌తో పనిచేసేవాళ్ల చర్మానికి మన దేశంలో ఏడాది మొత్తానికి అనుమతించిన పరిమితి 500. అంటే ఉదయం చేతి మీద పడినదాన్ని చూసుకోకుండా పని చేసుకుంటూ పోతే, సాయంత్రం ఇంటికి బయల్దేరేలోగా ఆ చోట ఏడాది కోటా అయిపోతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, వాసన ఉండదు. పలక వెనక ఎంత జాగ్రత్తగా కూర్చున్నా ఆ చుక్క పలక ఇవతలకు వచ్చేశాక పలక చేసేదేమీ లేదు.

దీన్ని పిల్లలకు ఎలా చెప్పాలా అని చాలా ఏళ్లు ఆలోచించాను. ప్రెజెంటేషన్లలో కాలం, దూరం, కవచం అని మూడు మాటలు చూపిస్తాం, వాళ్లు రాసుకుంటారు, మర్చిపోతారు. చివరికి మన ఇళ్లలో ఉన్న మాటే పనికొచ్చింది: ఎంగిలి చెయ్యి. భోజనానికి కూర్చున్నాక కుడి చెయ్యి ఎంగిలి. ఆ చేత్తో గరిటె పట్టుకోం, పెరుగు గిన్నె ముట్టుకోం, మంచినీళ్ల బిందె దగ్గరికే పోం. ఎవరైనా ఏదైనా అందించమంటే ఎడమ చెయ్యి చాస్తాం, లేదా "ఎంగిలి చెయ్యి, నువ్వే తీసుకో" అంటాం. చేతికి ఏమీ అంటి కనిపించకపోయినా అది ఎంగిలే. దీనికోసం ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు, మూడేళ్ల వయసు నుంచి ఒంటికి పట్టింది. గ్లవ్ తొడుక్కుని వయల్ మూత తీసిన క్షణం నుంచి ఆ చెయ్యి ఎంగిలి చెయ్యి. తలుపు గొళ్లెం, ఫ్రిజ్ హ్యాండిల్, పెన్ను, కళ్లజోడు, మొబైల్ అన్నీ పెరుగు గిన్నెలే.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో, ఇదే ఊళ్లో ఒక ల్యాబ్‌లో ప్రోబ్, అంటే ఫాస్ఫరస్-32 తగిలించిన డీఎన్ఏ ముక్క, తయారుచేస్తున్నాను. వరండాలో ఫోన్ మోగింది, ఎవరో కేకేశారు: "నీకే, ఇంటి నుంచి!" నాన్నగారికి ఒంట్లో బాగాలేని రోజులవి. పరుగెత్తాను. మాట్లాడి, తిరిగొచ్చి, మిగతా పని ముగించాను. చివర్లో రేడియేషన్ తగిలితే టిక్కుమనే గైగర్ కౌంటర్‌తో బల్ల అంతా చూసుకుంటే శుభ్రంగానే ఉంది. కౌంటర్ పెట్టేయబోతూ చెయ్యి కొంచెం పైకెత్తేసరికి అది ఒక్కసారిగా గోల పెట్టింది. బల్ల దగ్గర కాదు, నా కుడి చెంప దగ్గర. గ్లవ్‌తో రిసీవర్ పట్టుకున్నాను, రిసీవర్ చెంపకు ఆనించాను. గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు, మెత్తగా మూడుసార్లు కడిగాక టిక్‌టిక్ మామూలు స్థాయికి దిగింది. రేడియోలాజికల్ సేఫ్టీ ఆఫీసర్ లెక్క కట్టారు, పరిమితి కంటే బాగా తక్కువే. కానీ ఆ రిసీవర్‌ను నా తర్వాత ఎంతమంది ఎత్తారో, ఒక్కొక్కరినీ పిలిచి చెవి దగ్గర కౌంటర్ పెట్టి చూడాల్సి వచ్చింది. వాళ్లెవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ వరస ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. రిసీవర్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి తాళం వేసి పెట్టారు.

చర్మం మీద పడితే వేడినీళ్లు వద్దు, బ్రష్‌తో తోమడం అసలే వద్దు. గీరుకుపోయిన చర్మం గుండా అది లోపలికి పోతుంది. లోపలికి పోయిన ఫాస్ఫరస్ ఎక్కువగా ఎముకలో చేరుతుంది. బయట ఉన్నంతసేపు 8 మిల్లీమీటర్లు మనకు రక్షణ, లోపలికి చేరాక అదే 8 మిల్లీమీటర్లు మజ్జ పక్కనే. ఆ గదిలో టీ, బిస్కెట్, లిప్ బామ్ ఏదీ వద్దనేది ఇందుకే.

గ్లవ్స్ గురించి ఒక అపోహ ఉంది. గ్లవ్ బీటా కణాన్ని ఆపదు, అంత పల్చటి రబ్బరుకి ఆ శక్తి లేదు. గ్లవ్ పని చుక్క చర్మానికి అంటకుండా చూడటం, అంటినప్పుడు గ్లవ్‌తో పాటే పారేసే వీలు ఇవ్వడం. రెండు జతలు వేసుకుంటే పైది అనుమానం వచ్చిన ప్రతిసారీ మార్చవచ్చు. వయల్‌ను వేళ్లతో పట్టుకోవడం మాత్రం గ్లవ్ ఉన్నా తప్పే. పట్టకారో, ఆక్రిలిక్ హోల్డరో వాడాలి. చిన్న బిందువు లాంటి మూలం నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న వేలిని పది సెంటీమీటర్లకు జరిపితే తగిలేది దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. పిల్లలు పలక మందం గురించి చాలా అడుగుతారు గానీ, వేలికీ వయల్‌కీ మధ్య దూరం గురించి ఎవరూ అడగరు. వేళ్లకే అన్నిటికంటే ఎక్కువ తగులుతుంది.

పని మొదలుపెట్టే ముందు రోజు, మామూలు నీళ్లలో కాస్త రంగు కలిపి మొత్తం ప్రయోగం ఒకసారి చేయించడం నా అలవాటు. ఇది నేను ఎవరికీ మినహాయించను. రంగునీళ్లతో చేసినప్పుడు ట్యూబు మూత తెరిచేటప్పుడు ఎక్కడ చిందుతుందో, పైపెట్ టిప్ ఎక్కడ తగులుతుందో కంటికి కనిపిస్తుంది. ఒకసారి ఒక అబ్బాయి అంతా చక్కగా చేసి చేతులు చాపాడు. రెండు గ్లవ్స్ తెల్లగా ఉన్నాయి, మోచేతి దగ్గర కోటు మీద ఎర్రటి మరక. ట్రే అవతలి వైపు ఉన్న చెత్త డబ్బా కోసం చెయ్యి చాచినప్పుడు ట్రే అంచు తగిలింది. డబ్బా ఇవతలికి జరిపాం. మర్నాడు అసలు పని పది నిమిషాల్లో అయిపోయింది. వేగం కోసం తొందరపడక్కర్లేదు, ముందే తెలిసిన పని తొందరగానే అవుతుంది.

అన్నిటికంటే చుక్క ఎగిరిపడే సమయం ప్రోబ్‌ను మరిగించేటప్పుడు. డీఎన్ఏ రెండు పేటలు విడిపోవాలని ట్యూబును వంద డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు పెడతాం. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి, నొక్కితే మూసుకునే మూత టప్పున తెరుచుకుంటుంది. కుక్కర్ విజిల్ ఎగిరినట్టే, కాకపోతే ఇక్కడ ఎగిరేది పప్పు కాదు. అందుకే మర తిప్పే మూత ఉన్న ట్యూబు, లేదా మూతకు క్లిప్పు. దించాక చల్లారనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో ఒక్క నిమిషం తిప్పి, మూతకు అంటినదంతా అడుక్కి దిగాకే తెరవాలి.

గైగర్ కౌంటర్ విషయంలో నా పట్టుదల ఒక్కటే: వయల్ తీయడానికి ముందే అది ఆన్ అయి ఉండాలి, సౌండ్ వినిపిస్తూ ఉండాలి. చాలామంది పని అయిపోయాక ఆన్ చేస్తారు. అది అన్నానికి ముందు కడుక్కోవాల్సిన చేతులు తిన్నాక కడుక్కున్నట్టు. ఏమీ లేనప్పుడు మా కౌంటర్ నిమిషానికి 30 నుంచి 50 సార్లు టిక్కుమంటుంది. ఆ లయ చెవికి అలవాటైతే, తేడా రాగానే కళ్లు పైకెత్తక్కర్లేకుండానే తెలుస్తుంది. కౌంటర్‌కి ఉండే ప్రోబ్‌ను (రేడియేషన్‌ను పసిగట్టే కొసను; డీఎన్ఏ ప్రోబ్ వేరు) బల్లకు తగలకుండా ఒక సెంటీమీటరు ఎత్తున, చీమ నడకలా కదపాలి. తగిలితే ప్రోబ్ కూడా ఎంగిలవుతుంది, ఆపైన అది ఎక్కడ పెట్టినా గోలే.

ఇది ఫాస్ఫరస్-32 సంగతి. ట్రైటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, అయితే కౌంటర్ నోరు మెదపదు. దాని బీటా శక్తి మరీ తక్కువ, 0.0186 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, గైగర్ కిటికీ పొరను కూడా దాటలేదు. అక్కడ బల్లను తడి కాగితంతో తుడిచి లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో (బీటా కణాలు ద్రవంలో పుట్టించే మెరుపులను లెక్కించే యంత్రం) పెట్టి చూడాలి. కౌంటర్ నిశ్శబ్దంగా ఉందంటే బల్ల శుభ్రం అనుకునే ముందు, ఏ ఐసోటోప్, అంటే ఏ రేడియోధార్మిక పదార్థం, వాడారో అడగాలి.

ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జ్ తాయెత్తు కాదు. అది దేన్నీ ఆపదు, తగిలినదాన్ని గుర్తుపెట్టుకుంటుంది అంతే. పైగా ఛాతీ పలక వెనక ఉంటుంది, వేళ్లు పలక ముందుంటాయి. బ్యాడ్జ్ సున్నా చూపించినంత మాత్రాన వేళ్లకు సున్నా అని కాదు, అందుకే ఎక్కువ మోతాదుతో పనిచేసేవాళ్లకు వేలి ఉంగరంలో పెట్టే డోసిమీటర్ ఇస్తాం. బ్యాడ్జ్‌ను స్కూటీ డిక్కీలో పెట్టి మే నెల ఎండలో వదిలేసే పిల్లలను నేను గట్టిగానే కోప్పడతాను. వేడికి అందులోని లెక్క చెడిపోతుంది. గర్భం వచ్చిందని తెలిసిన రోజే అమ్మాయిలు సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పాలి. చెప్పిన నాటి నుంచి బిడ్డకు వేరే పరిమితి, ఒక మిల్లీసీవర్ట్. చెప్పడానికి సిగ్గుపడి, లేదా ప్రాజెక్టు చేజారుతుందని భయపడి దాచేవాళ్లుంటారు. ఆ భయం లేకుండా చూడాల్సిన బాధ్యత గైడ్‌లది, ఆ అమ్మాయిది కాదు.

చుక్క నేల మీద పడితే? ముందు నోరు తెరిచి చెప్పాలి. "పడింది, ఎవరూ కదలకండి" అని. చెప్పకుండా టిష్యూతో తుడిచేసి వెళ్లిపోవడమే అసలు ప్రమాదం. పీల్చుకునే కాగితం కప్పి, బయటి అంచు నుంచి మధ్యకు తుడవాలి, మధ్య నుంచి బయటికి కాదు. ముగ్గు మీద నీళ్లు పోసి బయటికి ఊడిస్తే ఏమవుతుందో అదే అవుతుంది. చెప్పుల అడుగు చూడకుండా ఎవరూ గుమ్మం దాటకూడదు.

మిగిలింది చెత్త. ఫాస్ఫరస్-32 సగం తగ్గడానికి 14.3 రోజులు. ఇలా పదిసార్లు సగమైతే 1024లో ఒక వంతు మిగులుతుంది, దానికి 143 రోజులు. సంక్రాంతి నాడు డబ్బాలో వేసి తేదీ రాసి మూసేస్తే, మృగశిర కార్తె ముంగిట్లో, జనం చేప ప్రసాదం కోసం బయల్దేరే రోజులకు, తీయవచ్చు. కాలమే శుభ్రం చేస్తుంది, మనం చేయాల్సింది కలపకుండా ఉండటం. 5,730 ఏళ్ల అర్ధాయువున్న కార్బన్-14 చెత్త ఒక్క టిప్పు అందులో పడితే ఆ డబ్బా ఇక ఏ కార్తెకూ తెరవలేం.

మా అంతస్తు ఊడ్చే అక్క ఒకసారి చీపురు పట్టుకుని ఆ గది ముందు ఆగిపోయింది. "మేడం, ఆ రూములకు పోవాల్నంటే భయమైతాంది. మా బిడ్డ పెండ్లి కావాల్సి ఉంది, నా బట్టలకు అంటి ఇంటికొస్తే?" అంది. మూడేళ్లుగా ఆమె ఆ భయంతోనే ఊడుస్తోందని అప్పుడు తెలిసింది. ఎవరూ ఆమెకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ గదిలో పని చేసినవాళ్లే నేల చూసి, తుడిచి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాకే ఆమె లోపలికి వస్తుంది. రాగానే కౌంటర్ ఆన్ చేసి ఆమె చేతికిస్తాం.

మొన్న జూన్ మొదటి వారంలో జనవరి డబ్బా తెరిచాం. కౌంటర్ ఆమే పట్టుకుంది. ప్రోబ్‌ను ఒక్కో సంచి దగ్గర నెమ్మదిగా తిప్పింది. టిక్, కాసేపటికి ఇంకో టిక్. "గింతేనా?" అంది. రిజిస్టర్‌లో తేదీ, రీడింగ్ రాసుకున్నాం. సంచుల మీద ఉన్న పసుపు రంగు మూడు రెక్కల గుర్తులను ఒక్కొక్కటిగా గీకి తీసేశాక, ఆమె వాటిని ఎత్తుకుని బయటికి నడిచింది.